నొప్పి మందు లేకుండా రెండు కాన్పులు: ఒకటి తప్పక, ఒకటి కోరుకుని

గులకరాయి రాసినది:

అందరికీ నమస్కారం. చంటివాడు నిద్రపోయాడు, పెద్దది బడికి వెళ్ళింది, ఇప్పుడు కాస్త తీరిక దొరికింది. "నొప్పులు భరించలేనేమో, ఆపరేషన్ చేయించేసుకుంటే పోదా?" అన్న ప్రశ్న ఇక్కడ తరచూ కనిపిస్తోంది కాబట్టి నా సంగతి రాస్తున్నాను. నాకు ఇద్దరు పిల్లలు. ఇద్దరినీ నొప్పి తగ్గించే మందు ఏదీ లేకుండానే కన్నాను. అయినా ఆ రెండింటినీ ఒకే గాటన కట్టలేను. మొదటిసారి కావాలా అని నన్నెవరూ అడగలేదు. రెండోసారి అడిగారు, నేనే వద్దన్నాను. తేడా అంతా అక్కడే ఉందని నా అభిప్రాయం. కాదనేవాళ్ళు కాదనండి.

తొలి కాన్పు పుట్టింట్లో కదా, గుంటూరు వైపు. ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో చూపించుకునేదాన్ని. ఇచ్చిన తేదీ దాటినా నొప్పులు రాకపోయేసరికి చేర్చుకున్నారు. తెల్లవారగానే ఎనిమా ఇచ్చి, సెలైన్‌లో నొప్పులు తెప్పించే మందు కలిపి ఎక్కించారు. నొప్పి తగ్గించే మందుకు దిక్కు లేదు కానీ నొప్పి పెంచే మందు మాత్రం ధారాళంగా ఇచ్చారన్నమాట. చుక్కల వేగం పెంచుతూ పోయిన కొద్దీ ఒక నొప్పికీ ఇంకో నొప్పికీ మధ్య ఊపిరి తిప్పుకునే సందు లేకుండా పోయింది. ఇనుప బల్ల, దాని మీద ఎర్ర రెగ్జిన్. చెమటకు వీపు దానికి అతుక్కుపోయి, ఒత్తిగిలినప్పుడల్లా చర్మం చుర్రుమనేది. లేచి నిలబడతానంటే ఒప్పుకోలేదు. అమ్మను తలుపు బయటే ఆపేశారు. ఎవరైనా తలుపు తెరిచినప్పుడు ఆమె చీర కుచ్చిళ్ళు మాత్రం కనిపించేవి. అరిస్తే ఒక ఆయమ్మ "ఇప్పుడు అరిచి ఏం లాభం, అప్పుడు తెలియలేదా?" అంది. ఈ మాట విన్నవాళ్ళు ఇక్కడ చాలామందే ఉంటారని తెలుసు. చివర్లో ఒకామె స్టూలెక్కి మోచేత్తో పొట్టను కిందికి నొక్కింది. కుట్లు వేసేటప్పుడు సూది ప్రతి పోటూ తెలిసింది. పాపను ఒకసారి చూపించి తీసుకెళ్ళిపోయారు.

బాబు హైదరాబాద్‌లో పుట్టాడు. ఈసారి మిడ్‌వైఫులు, అంటే కాన్పులు చేయడంలో ప్రత్యేక శిక్షణ పొందినవాళ్ళు ఉన్న ఆసుపత్రిని వెతుక్కుని వెళ్ళాం. వెన్నులో ఇచ్చే సూది, అంటే ఎపిడ్యూరల్ గురించి వాళ్ళే ముందుగా చెప్పారు. "ఎప్పుడు కావాలన్నా అడగండి. అడిగినంత మాత్రాన ఎవరూ మిమ్మల్ని తక్కువగా చూడరు" అన్నారు. విచిత్రం ఏమిటంటే, ఆ మాట విన్న తరువాతే నాకు "వద్దు, ఇలాగే చూస్తాను" అనే ధైర్యం వచ్చింది.

అర్ధరాత్రి దాటాక మొదలైంది. చాలాసేపు ఇంట్లోనే ఉన్నాను. వేడినీళ్ళతో స్నానం చేశాను, పెరుగన్నం తిన్నాను. ఆసుపత్రికి చేరేసరికి గర్భాశయ ముఖద్వారం 6 సెంటీమీటర్లు తెరుచుకుంది. పెద్ద రబ్బరు బంతి మీద కూర్చుని ఊగాను, వరండాలో నడిచాను. నొప్పి వచ్చినప్పుడు గోడకు రెండు చేతులూ ఆనించి వంగితే, మావారు అరచేయి మొదలుతో నడుము కింద ఎముక మీద గట్టిగా నొక్కిపట్టేవారు. ఒకసారి ఫోను మోగిందని చేయి తీశారు. అప్పుడు నేను అన్న మాటలు ఇక్కడ రాయలేను.

తరువాత ఒక ఘట్టం వచ్చింది. ఒళ్ళంతా వణుకు, వాంతి, కళ్ళు తెరవలేకపోవడం. "నా వల్ల కాదు, సూది వేయించండి" అన్నాను. మిడ్‌వైఫ్ వాదించలేదు, ధైర్యవచనాలు చెప్పలేదు. "సరే, మత్తు డాక్టరును పిలుస్తాను. ముందు ఒకసారి పరీక్ష చేయనా?" అని అడిగి చూసింది. "పూర్తిగా తెరుచుకోవడానికి అంచు కొంచెమే మిగిలింది. ఇంకో రెండు మూడు నొప్పులు చూసి మళ్ళీ చెప్పండి, ఫోను నా చేతిలోనే ఉంది" అంది. నిజంగానే ఫోను పట్టుకుని నిలబడింది. ఆ ఫోను వైపే చూస్తూ ఆ నొప్పులు దాటాను. అంతలోనే ముక్కాలనిపించింది. ఎవరూ ముక్కమని చెప్పలేదు, ఒళ్ళే ఆ పని మొదలుపెట్టింది. మంచం తలవైపు ఎత్తిపెడితే దాన్ని పట్టుకుని మోకాళ్ళ మీద ఉన్నాను. తల బయటికి వచ్చేటప్పుడు ఒకటే మంట. అక్కడ వేడినీళ్ళలో ముంచిన గుడ్డ అదిమిపెట్టి "ఇప్పుడు ముక్కకండి, నోటితో ఊదండి చాలు" అంది. కాసేపటికి బాబు నా చేతుల్లోనే ఉన్నాడు. బొడ్డుతాడు కొట్టుకోవడం ఆగాక కోశారు. రక్తం ఎక్కువగా పోకుండా తొడకు ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. దాన్ని వద్దనలేదు, మీరూ అనకండి. చిన్న చిరుగుకు కుట్లు పడ్డాయి, కానీ మొద్దుబారే మందు ఇచ్చాకే వేశారు.

నొప్పి రెండోసారి తక్కువేమీ కాదు. కానీ మొదటి కాన్పు గుర్తొస్తే ఇప్పటికీ కోపం వస్తుంది. రెండోది గుర్తొస్తే ఆకలి వేస్తుంది, అంత రుచిగా తిన్నాను ఆ తరువాత పెట్టిన ఇడ్లీలు.

మీ అనుభవాలు రాయండి. సూది వేయించుకున్నవాళ్ళూ, ఆపరేషన్ అయినవాళ్ళూ కూడా.

రెండుజడలు రాసినది:

అక్కా, నాకు ఎనిమిదో నెల నడుస్తోంది, తొలిచూలు. మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఒక్కటే అడుగుతాను. ఆ నొప్పి అసలు ఎలా ఉంటుంది? మా అత్తగారు "చచ్చి బతకడమే" అంటారు, మా వదిన "నెలసరి నొప్పి కంటే కొంచెం ఎక్కువ, అంతే" అంటుంది. ఎవరిని నమ్మాలి?

గులకరాయి రాసినది:

ఇద్దరినీ నమ్మమ్మా. మొదట్లో మీ వదిన చెప్పినట్టే ఉంటుంది, చివర్లో మీ అత్తగారు చెప్పినట్టు.

నాకైతే నడుములో మొదలై రెండు పక్కల నుంచీ పొత్తికడుపులోకి వచ్చేది. పొట్ట చేత్తో తాకితే రాయి. బిగిసి, ఉచ్చస్థాయికి వెళ్ళి, వదిలేసేది. మొత్తం కలిపి నిమిషం, అంతకంటే కొంచెం ఎక్కువ. వదిలేశాక ఏమీ ఉండదు. ఈ సంగతి నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. గంటల తరబడి ఆగకుండా నొప్పి ఉంటుందనుకునేదాన్ని. బాబు పుట్టిన రాత్రి మధ్యమధ్య దొరికిన ఆ ఖాళీల్లో మావారితో పాప యూనిఫారం ఇస్త్రీ గురించి మాట్లాడాను, ఒకసారి కునుకు కూడా తీశాను. మొదటి కాన్పులో నొప్పుల మందు ఎక్కించినప్పుడు పోయింది సరిగ్గా ఆ ఖాళీలే.

దొంగ నొప్పులతో కంగారు పడకు. అవి నడిస్తే, పడుకుంటే, నీళ్ళు తాగితే సర్దుకుంటాయి. అసలువి ఏం చేసినా దగ్గరపడుతూ వస్తాయి.

మైసూర్‌పాకు రాసినది:

రాసింది బాగుంది. కానీ ఈ తరహా చర్చల్లో చివరికి ఏం జరుగుతుందో తెలుసు కనుక ముందే నా మాట చెప్పేస్తాను. నేను బెంగళూరులో ఎపిడ్యూరల్ తీసుకుని కన్నాను. మా పిన్ని చూడటానికి వచ్చి, బిడ్డను ఎత్తుకోకముందే "అయితే నొప్పి తెలియకుండానే కన్నావన్నమాట" అంది. ఆ "అన్నమాట"లో ఎంత ఉందో ఇక్కడివాళ్ళకు విడమరచి చెప్పనక్కర్లేదు. పన్ను పీకించుకోవడానికి మత్తు ఇప్పించుకున్న మా బాబాయిని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

సూది ఇచ్చాక పావుగంటకు నా మొహంలోకి నవ్వొచ్చిందని మావారు అంటారు. బిగువు తెలిసేది, నొప్పి తెలిసేది కాదు. కాళ్ళు బరువెక్కాయి, వణుకు వచ్చింది, మూత్రానికి గొట్టం వేశారు. ముక్కడానికి ఎక్కువసేపే పట్టింది. అవన్నీ ఒప్పుకుంటాను. అయినా మళ్ళీ కంటే మళ్ళీ అదే అడుగుతాను. నొప్పి ఓర్చుకుంటేనే తల్లి అనే మాట మాత్రం ఈ చర్చలో ఎవరూ రాయవద్దని మనవి.

గులకరాయి రాసినది:

నేను రాయలేదు, రాయను కూడా. మీ పిన్నిగారిలాంటి వాళ్ళే నా మొదటి కాన్పు అప్పుడు బల్ల పక్కన నిలబడ్డారనుకుంటాను.

తెనాలి బామ్మ రాసినది:

మనవరాలు టైపు చేయడం నేర్పింది, తప్పులుంటే సర్దుకోండి. నా మొదటి బిడ్డ 1968లో ఇంట్లోనే పుట్టాడు. నొప్పి మందు అనే మాటే మేము ఎరగం. మంత్రసాని వచ్చింది, ఆముదం తాగించింది, గదిలో ఆడవాళ్ళు తప్ప ఎవరూ లేరు. పడుకోమని ఎవరూ అనలేదు. నులకమంచం పట్టె పట్టుకుని మోకాళ్ళ మీద ఉండమంది. ఆ అమ్మాయి వాళ్ళ ఆసుపత్రిలో ఉన్నట్టే. ఏదో కొత్త పద్ధతి అనుకుంటున్నారేమో, మాకు అదే మామూలు. మా అమ్మ నా వెనక కూర్చుని నడుము రాస్తూనే ఉంది. అరవాలనిపిస్తే అరిచాను, ఎవరూ కసరలేదు.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే అబద్ధం చెప్పినట్టవుతుంది. అదే ఏడు మా వీధిలో మా ఈడుదే ఒక పిల్ల కన్నది. బిడ్డ బాగానే పుట్టింది, మాయ పడలేదు. నెత్తురు ఆగలేదు. ఎడ్లబండి కట్టి పట్నం తీసుకెళ్ళేలోపు దారిలోనే పోయింది. అందుకని ఇంట్లో కనే కాలం పోయిందని నాకు బెంగ లేదు. నడుము రాసే చెయ్యి పోయింది, దానికే బెంగ. ఈ కాలంలో, మా మనవరాలి కాన్పప్పుడు దాన్ని లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసేశారు, నన్ను సంతకానికి మాత్రం పిలిచారు.

రెండు జడల పిల్లా, భయపడకు తల్లీ. కన్నప్పుడు "ఇక జన్మలో వద్దు" అనుకుంటావు. ప్రసూతి వైరాగ్యం అని దానికో పేరే ఉంది. బిడ్డ బోర్లా పడే వేళకు మరిచిపోతావు.

నిజం_నిప్పు రాసినది:

మన అమ్మమ్మలు పొలంలో కని, బిడ్డను గంపలో పెట్టుకుని ఇంటికి వచ్చి వంట చేసేవారు. ఇప్పటి ఆడవాళ్ళకు ఓపిక లేదు. అందుకే తెలంగాణలో నూటికి అరవై ఆపరేషన్లు. ఎవరేమనుకున్నా ఇది వాస్తవం.

నైట్‌డ్యూటీ రాసినది:

నూటికి అరవై అన్న అంకె సరైనదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణకు 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 42.4, దేశమంతటికీ 21.5 అని వచ్చింది. మీరు చెప్పిన కారణమే తప్పు. అదే సర్వేలో తెలంగాణ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆపరేషన్లు 44.5 శాతం, ప్రైవేటులో 81.5 శాతం. గేటు మారగానే ఆడవాళ్ళ ఓపిక సగానికి పడిపోతుందా? ముహూర్తం చీటీ పట్టుకుని వచ్చేది ఎవరో, బిల్లు ఎవరు వేస్తారో, రాత్రంతా పక్కన కూర్చుని నొప్పులు చూడటానికి ఎంతమంది ఉంటారో, అవి అడగండి.

నేను ఒక జిల్లా ఆసుపత్రి ప్రసూతి వార్డులో స్టాఫ్ నర్సును. గులకరాయి గారు రాసిన ఆయమ్మ మాట నా చెవులతో నేనూ విన్నాను, మా వార్డులోనే. దాన్ని సమర్థించను. అయితే రాత్రిపూట ఇద్దరం నర్సులం ఉంటాం, బల్లలన్నీ నిండి ఉంటాయి, ఒకామెకు ఫిట్స్ వస్తుంటే ఇంకొకామెకు తల కనిపిస్తుంటుంది. అప్పుడు పక్కన నిలబడి నడుము రాయాలని ఉన్నా చేతులుండవు. అందుకే తోడు మనిషిని లోపలికి రానివ్వాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు గదిలోకి ఒక స్త్రీని తోడుగా అనుమతించవచ్చని కేంద్రం 2016లోనే చెప్పింది. కాన్పు గదులను మెరుగుపరచడానికి 2017 చివర్లో కేంద్రం తెచ్చిన లక్ష్య కార్యక్రమం కూడా అదే అంటుంది. మా దగ్గర అమలు ఆ పూట డ్యూటీలో ఎవరున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. తెరలు లేని వార్డులో ఒకామె తల్లి వస్తే పక్క బల్ల మీదున్నామెకు ఇబ్బంది. ముందు తెరలు కొనాలి. అది పెద్ద ఖర్చు కూడా కాదు.

మారుతున్నది కూడా ఉంది. తెలంగాణ 2017లో కరీంనగర్‌లో నర్సులకు మిడ్‌వైఫ్ శిక్షణ మొదలుపెట్టింది. యూనిసెఫ్, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్ అందులో కలిశాయి. ఏడాదిన్నర చదువు. మరుసటి ఏడు కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ శిక్షణ అయి వచ్చిన అమ్మాయితో ఒకసారి కలిసి పనిచేశాను. నొప్పులు పడుతున్నామె చెవి దగ్గర నోరు పెట్టి మాట్లాడుతుంది, గొంతు పెంచదు. మేము కేక వేస్తే ఆగని అరుపు దానికి ఆగేది. చూసి నేర్చుకున్నాను.

తెనాలి బామ్మ రాసినది:

పొలంలో కన్నవాళ్ళు సరదాకి కనలేదు నాయనా. కూలి పోతుందని ఆఖరి రోజు దాకా నాట్లు వేశారు, అందుకు అక్కడ నొప్పులొచ్చాయి.

మత్తుడాక్టరు రాసినది:

ఇరవై ఏళ్ళుగా ఇదే వృత్తి. కొన్ని సంగతులు సూటిగా రాస్తాను.

ఎపిడ్యూరల్ అంటే నడుము భాగంలో వెన్నుపూసల మధ్య నుంచి సన్నటి గొట్టం పెట్టి, నరాల చుట్టూ కొద్ది కొద్దిగా మందు పంపడం. ఇప్పుడు వాడే మోతాదులు పూర్వం కంటే చాలా తక్కువ. దాని వల్ల ఆపరేషన్ అవసరం పెరుగుతుందన్నది అపోహ, పరిశోధనల్లో అలా తేలలేదు. ముక్కే దశ కొంత సాగవచ్చు. రక్తపోటు పడిపోవచ్చు, దురద, జ్వరం రావచ్చు. నూటికి ఒకరికి అటూ ఇటూగా, లేచి కూర్చుంటే తీవ్రంగా వచ్చే తలనొప్పి పట్టుకుంటుంది. దానికి చికిత్స ఉంది. "వెన్నుకు సూది పడితే జీవితాంతం నడుము నొప్పే" అన్నది మన దగ్గర ఇంటింటా వినిపించే మాట. కాన్పు తరువాత నడుము నొప్పి సూది తీసుకోనివాళ్ళకూ అంతే వస్తుంది. ప్లేట్‌లెట్లు బాగా తగ్గినవాళ్ళకు, రక్తం పలచబడే మందులు వాడుతున్నవాళ్ళకు మేమే ఇవ్వం.

ఆరోగ్యంగా ఉన్న గర్భిణి అడిగితే నొప్పి మందు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సిఫారసుల్లో ఉంది. అదే పత్రంలో ఇంకా ఏముందో చూడండి. మామూలుగా అందరికీ ఎనిమా ఇవ్వవద్దు. పొట్ట మీద నొక్కవద్దు. తిరగనివ్వండి, నచ్చిన భంగిమలో ఉండనివ్వండి. కోరుకున్న తోడు మనిషిని ఉంచండి. ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకునేదాకా అసలు నొప్పులు ఊపందుకున్నట్టు లెక్క కాదు, గంటకు సెంటీమీటరు చొప్పున తెరుచుకోలేదని తొందరపడి మందు ఎక్కించవద్దు. గులకరాయి గారి మొదటి కాన్పులో ఇవన్నీ వరసగా తలకిందులయ్యాయి. మందు ఎక్కించి నొప్పులు తెప్పించాల్సిన సందర్భాలు ఉంటాయి, తేదీ బాగా దాటడం అందులో ఒకటి. కానీ అలా తెప్పించిన నొప్పులకు ఎపిడ్యూరల్ అవసరం ఇంకా ఎక్కువ. సెలైన్ పెట్టి, సూది ఇవ్వకుండా, కదలనివ్వకుండా ఉంచడం పొదుపు కాదు, క్రూరత్వం.

ఎందుకు దొరకదంటే, జిల్లాల్లో మేము చాలా తక్కువమందిమి. ఉన్న ఒకరిద్దరం థియేటర్‌లో ఉంటాం. కాన్పు గదిలో ఒకామె పక్కన గంటలు గడపడానికి మనిషి దొరకడు.

ఒక పిట్టకథ చెప్పి ఆపేస్తాను. ఎడిన్‌బరోలో సింప్సన్ అనే డాక్టరు 1847లో క్లోరోఫామ్ అనే మత్తు మందును కాన్పులకు వాడినప్పుడు పెద్ద గొడవ అయింది. 1853లో విక్టోరియా రాణి ఎనిమిదో కాన్పుకు దాన్నే పీల్చాక నోళ్ళు మూతపడ్డాయి. ఆ క్లోరోఫామ్ ప్రాణం తీసేది గుండెను ఆపా, ఊపిరిని ఆపా అని తేల్చడానికి నిజాం డబ్బుతో 1888లో, 1889లో పరీక్షలు జరిగింది మన హైదరాబాద్‌లోనే. వాటిని నడిపిన డాక్టరు ఎడ్వర్డ్ లారీ ఊపిరే అని తేల్చాడు. అది తప్పని తరువాత రుజువైంది. ఆయన నడిపిన వైద్య పాఠశాలలోనే చదివిన రూపాబాయి ఫర్దూంజీని ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలని చెప్పుకుంటారు. అటువంటి ఊళ్ళో ఇప్పటికీ "నొప్పి మందు అడిగితే ఏమనుకుంటారో" అని ఆడవాళ్ళు నన్ను గొంతు తగ్గించి అడుగుతారు.

లెస్టర్ చలి రాసినది:

ఇంగ్లండ్‌లో మిడ్‌వైఫ్‌గా పనిచేస్తున్నాను. ఇక్కడ "అయితే సూది, లేకపోతే ఏమీ లేదు" అన్న లెక్క ఉండదు. మధ్యలో చాలా మెట్లున్నాయి. సగం నైట్రస్ ఆక్సైడ్, సగం ఆక్సిజన్ కలిపిన వాయువు ప్రతి కాన్పు గదిలో గోడకే ఉంటుంది. గొట్టం తల్లి చేతిలోనే ఉంటుంది, తనే పీలుస్తుంది, తనే వదిలేస్తుంది. పనిచేయడానికి అర నిమిషం పడుతుంది కనుక నొప్పి మొదలవుతుండగానే పీల్చాలి, మధ్యలో అందుకుంటే ఫలితం నొప్పి అయిపోయాక వస్తుంది. కొందరికి తల తిరుగుతుంది, కొందరు పకపకా నవ్వుతారు. నడుముకు అతికించే చిన్న విద్యుత్ పట్టీలు కొందరు ఇంటి నుంచే పెట్టుకుని వస్తారు. గోరువెచ్చటి నీళ్ళ తొట్టి ఉంటుంది. ప్రమాదం తక్కువగా ఉన్న కాన్పులకే దాన్ని వాడతాం. పెథిడిన్ లాంటి ఇంజెక్షన్ కూడా ఉంది కానీ ప్రసవానికి దగ్గరలో ఇస్తే బిడ్డ మగతగా పుడుతుంది.

మన తెలుగు అమ్మాయిలు వస్తే ఒకటి గమనించాను. తల్లి వీసా రాక, అత్తగారు రాక, భర్త ఒక్కడే ఉంటాడు, పాపం బిక్కచచ్చిపోయి. వచ్చిన వెంటనే అతనికి పని చెబుతాను. నడుము ఎక్కడ నొక్కాలో చూపిస్తాను, నీళ్ళ సీసా చేతికిస్తాను. పని దొరికాక ఇద్దరూ కుదుటపడతారు. భయంగా ఉంటే ఒంట్లో అడ్రినలిన్ పెరిగి నొప్పుల వరస చెదిరిపోతుంది. గదిలో దీపాలు తగ్గించి అనవసరపు మనుషులను పంపేస్తే చాలాసార్లు మళ్ళీ దారిలో పడుతుంది.

రెండో అంతస్తు రాసినది:

మగవాడిని, రాయవచ్చో లేదో. మా ఆవిడ కాన్పు గదిలో నేను ఉన్నాను. లోపలికి రానిస్తారని ముందు రోజు దాకా తెలియదు. ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి మొదట్లో ఆమె ఊపిరి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. "లెక్కలు ఆపుతావా లేదా" అంది. చేయి ఇచ్చి ఊరుకున్నాను. గోళ్ళ గుర్తులు వారం ఉన్నాయి. ఆమె మందు లేకుండానే కన్నది, అది ఆమె నిర్ణయం. చుట్టాలంతా "గట్టి పిల్ల" అని మెచ్చుకుంటుంటే ఆమెకు చిరాకు. "నేను గట్టిదాన్ని కాదు, ఆరోజు అన్నీ కుదిరాయి" అంటుంది.

మునగాకు రాసినది:

"అన్నీ కుదిరాయి" అన్నది వంద శాతం నిజం. నాకు కుదరలేదు. గర్భిణుల యోగా, ఊపిరి పాఠాలు, మావారికి నడుము నొక్కడంలో సాధన, అన్నీ చేశాం. మందు వద్దని కాగితం మీద రాసి ఫైలులో పెట్టించాను. తీరా చూస్తే బిడ్డ ముఖం ముందుకు తిరిగి ఉంది, వాడి తల వెనకభాగం నా వెన్నెముక మీద. నొప్పి నడుము వదలదు, ఖాళీ కూడా రాదు. చేతులూ మోకాళ్ళ మీద ఉన్నాను, మెట్లెక్కి దిగాను, తెల్లవారింది, ముఖద్వారం కదల్లేదు. ఎపిడ్యూరల్ అడిగాను. వేశాక నిద్రపోయాను. లేచేసరికి బిడ్డ తిరిగాడు, పూర్తిగా తెరుచుకుంది, మామూలు కాన్పే అయింది. ఆ నిద్ర లేకపోతే ముక్కే శక్తి ఉండేది కాదు. కాగితం ఇంకా ఫైలులో ఉంది, మందు వద్దు అన్న వాక్యం కింద గీత కూడా ఉంది.

రెండుజడలు రాసినది:

ఇంతమంది రాస్తారనుకోలేదు. ఈ సోమవారం చెకప్‌కు వెళ్తున్నాం. మాది చిన్న పట్టణం, మిడ్‌వైఫులు లేరు, ఆసుపత్రి మార్చే వీలు లేదు. ఉన్నచోటే ఏం అడగాలి? ఎక్కువ అడిగితే డాక్టరమ్మ విసుక్కుంటారేమో.

నైట్‌డ్యూటీ రాసినది:

విసుక్కోని ప్రశ్నలతో మొదలుపెట్టమ్మా. "నాతో మా అమ్మ లోపల ఉండవచ్చా?" ఇది ముందు. కాదంటే "చివరి గంట అయినా?" అను. తరువాత "నొప్పులు వస్తున్నప్పుడు నడవవచ్చా, నీళ్ళు తాగవచ్చా?" అని అడుగు. సెలైన్ గురించి "అవసరమైతేనే పెడతారా, అందరికీ పెడతారా?" అని. కాన్పు రోజున అడగడం కుదరదు, ఇప్పుడే అడిగి మీ అమ్మగారి ముందు ఒప్పించుకో. డాక్టరమ్మను అడిగినవి డ్యూటీ సిస్టరుకు కూడా చెప్పు, ఆ రాత్రి నీతో ఉండేది ఆమె. పేరు పెట్టి పలకరించు, మాకు అది గుర్తుంటుంది.

తొందరపడి రావద్దు. కానీ ఉమ్మనీరు పోయినా, నెత్తురు కనిపించినా, బిడ్డ కదలికలు తగ్గినా నొప్పుల కోసం చూడకుండా వెంటనే వచ్చేయాలి. బండి దొరకకపోతే 108.

మత్తుడాక్టరు రాసినది:

ఇంకొకటి చేర్చండి. "కుట్లు పడితే మొద్దుబారే ఇంజెక్షన్ ఇస్తారు కదా?" లిగ్నోకైన్ ప్రతి ఆసుపత్రిలో ఉంటుంది, చవక, దానికి మత్తు డాక్టరు అక్కర్లేదు. "రెండు కుట్లే కదా" అని అది లేకుండా వేయడానికి ఏ కారణమూ లేదు. ఎపిడ్యూరల్ వద్దన్నవాళ్ళకు కూడా ఇది ఇవ్వాలి. ఇచ్చి కాసేపు ఆగాలి, ఇచ్చిన వెంటనే సూది గుచ్చితే ఇచ్చిన ప్రయోజనం లేదు.

రెండుజడలు రాసినది:

అన్నీ కాగితం మీద రాసుకున్నాను. మా అమ్మకు చదివి వినిపిస్తే "ఇవన్నీ అడగవచ్చా!" అని ఆశ్చర్యపోయింది. సోమవారం తనే అడుగుతానంటోంది.

మైసూర్‌పాకు రాసినది:

మీ అమ్మగారికి నా నమస్కారాలు. ఇంతసేపూ ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది, మలికాన్పు వాళ్ళ కోసం. బిడ్డ పుట్టాక పాలిస్తుంటే గర్భసంచి ముడుచుకుంటూ మళ్ళీ నొప్పులు వస్తాయి. తొలిసారి అంతగా తెలియలేదు. రెండో బిడ్డకు పాలిచ్చిన ప్రతిసారీ పళ్ళు బిగపట్టాను. ఎపిడ్యూరల్ తీసేశాక వచ్చింది కాబట్టి ఇది నా వంతు, మందు లేకుండా!

గులకరాయి రాసినది:

నిజమే, రాయడం మరిచాను. బాబు నోరు పెట్టిన వెంటనే మొదలయ్యేది. మా అమ్మ "గర్భసంచి లోపలికి పోతోంది, మంచిదే" అని బాలింత కాయం ముద్ద చేతిలో పెట్టింది.

తెనాలి బామ్మ రాసినది:

కాయం తింటూనే ఉండు. ఘాటుగా ఉందని పారేసేవు.

మత్తుడాక్టరు రాసినది:

కాయం మీ ఇష్టం. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ పాలిచ్చే తల్లులు వేసుకోవచ్చు. అల్సర్, ఉబ్బసం, మూత్రపిండాల ఇబ్బంది ఉన్నవాళ్ళు, రక్తపోటు పెరిగినవాళ్ళు ఐబుప్రొఫెన్ ముందు డాక్టరును అడగాలి. పాలివ్వడానికి అరగంట ముందు వేసుకుంటే ఆ వేళకు పనిచేస్తుంది.

గులకరాయి రాసినది:

నేను రెండూ తీసుకున్నాను, కాయమూ, మాత్రా. వీడు లేచాడు, మళ్ళీ వస్తాను.